కాటలాన్ ద్వీప మాండలికాలు: ప్రత్యేకతలు, ప్రామాణికత - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

మధ్యధరా సముద్రంలోని బాలియారిక్ దీవుల్లోనూ, సార్డీనియా దీవిలోని అల్గేరో పట్టణంలోనూ కాటలాన్ భాష మాండలిక రూపాలు వ్యవహారంలో ఉన్నాయి. వీటి ప్రత్యేకతలకు సముద్రం కల్పించిన ఏకాంతమే కారణమనే భావన వ్యాప్తిలో ఉంది. ఈ వ్యాసం ఆ భావనను ధ్వని, క్రియారూపం, పదజాలం, ఉపపదం అనే నాలుగు స్థాయిల్లో పరీక్షిస్తుంది. ద్వీప మాండలికాల ప్రత్యేకతలను వలసల చరిత్ర, భాషా సంపర్కం, వ్యవహార సందర్భం అనే మూడు అంశాలు మరింత బాగా వివరిస్తాయని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం. బాలియారిక్ దీవుల్లో ప్రామాణిక భాష చుట్టూ, భాష పేరు చుట్టూ సాగుతున్న వివాదాన్ని కూడా ఈ ఆధారాల వెలుగులో విమర్శించడం జరిగింది.

కీలక పదాలు: కాటలాన్, బాలియారిక్ దీవులు, అల్గేరో, మాండలికం, ఉపపదం, ప్రామాణిక భాష.

1. ఉపోద్ఘాతం

కాటలాన్ లాటిన్ నుంచి పుట్టిన రొమాన్స్ భాషల్లో ఒకటి. స్పెయిన్‌లోని కాటలోనియా, వలెన్సియా, బాలియారిక్ దీవులు, దక్షిణ ఫ్రాన్సులోని రుస్సెల్యో, అండోరా దేశం, ఇటలీకి చెందిన అల్గేరో దీని వ్యవహార ప్రాంతాలు. మాండలిక శాస్త్రజ్ఞులు దీనిని స్థూలంగా తూర్పు, పడమటి శాఖలుగా విభజిస్తారు. ద్వీప మాండలికాలన్నీ తూర్పు శాఖకు చెందినవే. బాలియారిక్ దీవుల్లో మల్యోర్కా, మెనోర్కా, ఐవీసా, ఫోర్మెంతేరా ముఖ్యమైనవి. తెలుగు పాఠకులకు మల్యోర్కా మజోర్కాగా, ఐవీసా ఇబీజాగా పరిచయం.

ఈ మాండలికాలను గురించిన చర్చలో మూడు దృక్పథాలు కనిపిస్తాయి. సముద్రం రక్షణగా నిలవడంతో దీవులు ప్రాచీన కాటలాన్‌ను చెక్కుచెదరకుండా కాపాడాయన్నది మొదటిది. ఇవి ప్రామాణిక భాష నుంచి పక్కకు తప్పిన ఇంటి మాటలన్నది రెండవది. ఇవి అసలు కాటలాన్ కావని, విడి భాషలని వాదించేది మూడవది. ఈ మూడూ పైకి పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. అయితే, దీవి సరిహద్దే భాషా సరిహద్దు అనే ఊహ మొదటిదానికీ మూడవదానికీ సమానం. రెండవ దృక్పథం ఆ ఊహను ఖండించకుండానే వదిలివేస్తుంది. ఆ ఊహ ఎంతవరకు నిలుస్తుందన్నది ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. వలసలు - మాండలికాల పుట్టుక

కాటలాన్ ఈ దీవుల్లో పుట్టిన భాష కాదు, వలస వచ్చిన భాష. ఆరగాన్ రాజు మొదటి జౌమె 1229లో మల్యోర్కాను ముస్లిం పాలకుల నుంచి జయించాడు. 1235లో ఐవీసా కూడా అదే రాజ్యంలో చేరింది. మెనోర్కా 1231 నుంచి కప్పం చెల్లించే రాజ్యంగా ఉండి, 1287లో పూర్తిగా ఆక్రమణకు లోనైంది. జయించిన భూములను పంచుకొని స్థిరపడిన వారిలో కాటలోనియా ఈశాన్య తీరంలోని ఎంపుర్దా, రుస్సెల్యో ప్రాంతాల వారి పాత్ర గణనీయమైనదని చరిత్రకారులు గుర్తించారు.

అల్గేరో కథ వేరు. ఆరగాన్ రాజు పెరె 1354లో ఆ పట్టణాన్ని స్వాధీనం చేసుకొని, కాటలాన్ వారిని రప్పించి నివాసం కల్పించాడు. బాలియారిక్ దీవులకూ అల్గేరోకూ మధ్య ఒక శతాబ్దానికి పైగా కాలభేదం ఉంది. వలస వచ్చిన వారు తమ ఊరి భాషను, అందులోనూ తాము బయలుదేరిన నాటి భాషను వెంట తెచ్చుకుంటారు. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకుంటే తరువాతి విశేషాలు అనేకం సుబోధకమవుతాయి.

3. ధ్వని విశేషాలు

3.1 ఊనిక గల తటస్థ అచ్చు: ఇంగ్లీషు ‘అబౌట్’ అనే మాట మొదట అస్పష్టంగా వినిపించే అచ్చును తటస్థ అచ్చు అంటారు. తెలుగు లిపిలో దీనికి అక్షరం లేదు. తూర్పు కాటలాన్‌లో ఇది సాధారణంగా ఊనిక లేని అక్షరాల్లో మాత్రమే వస్తుంది. మల్యోర్కాలో ఊనిక గల అక్షరంలో కూడా వస్తుంది. లాటిన్ ‘పిర’ నుంచి వచ్చిన ‘పెర’ (బేరిపండు) అనే మాటలో మొదటి అచ్చును పడమటి మాండలికాలు సంవృత ఎకారంగా, బార్సిలోనా వివృత ఎకారంగా, మల్యోర్కా తటస్థ అచ్చుగా పలుకుతాయి. ‘సెబ’ (ఉల్లిపాయ), ‘కదెన’ (గొలుసు) అనే మాటల్లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. సంవృత ఎకారం నుంచి వివృత ఎకారానికి జరిగిన మార్పులో తటస్థ అచ్చు ఒక మధ్య దశ అని చాలామంది భాషాచరిత్రకారుల అభిప్రాయం. ఆ ప్రకారం మల్యోర్కా ఉచ్చారణ ప్రాచీన దశకు సాక్ష్యమే.

కాని, ఈ సాక్ష్యం దీవులన్నింటిదీ కాదు. మెనోర్కా, ఐవీసాలలో ఇది కొన్ని చోట్లనే వినిపిస్తుంది. మల్యోర్కాలోనే బినిసాలెం, అలారో వంటి ఊళ్లు బార్సిలోనా మాదిరిగా వివృత ఎకారాన్ని పలుకుతాయి. సముద్రమే కారణమైతే దీవి నడిబొడ్డున ఈ భేదం ఉండకూడదు.

3.2 ఊనిక లేని ఒకారం: బార్సిలోనాలో ఊనిక లేని ఒకారం ఉకారంగా మారుతుంది. మల్యోర్కా ఒకారాన్ని నిలుపుకుంది. మెనోర్కా, ఐవీసా ఈ విషయంలో బార్సిలోనా వైపే ఉంటాయి. మల్యోర్కాలోని సోల్యేర్ పట్టణం కూడా ఉకారమే పలుకుతుంది. అంటే ‘బాలియారిక్ ఉచ్చారణ’ అనే ఏకైక వస్తువు లేదు.

3.3 వకార బకార భేదం: బార్సిలోనా వ్యవహారంలో వకారం బకారంలో కలిసిపోయింది. ‘వాక’ (ఆవు) అక్కడ ‘బాక’గా వినిపిస్తుంది. దీవుల్లో దంత్యోష్ఠ్యమైన వకారం స్పష్టంగా నిలిచి ఉంది. అల్గేరోలో, వలెన్సియా ప్రాంతంలోని కొన్ని చోట్ల కూడా ఇది ఉంది. కాబట్టి ఇది ద్వీపాలకు మాత్రమే చెందిన లక్షణంగా లెక్కించడానికి వీలులేదు.

3.4 ల్యకారం యకారంగా మారడం: ‘పల్య’ (గడ్డి) దీవుల్లో ‘పయ’ అవుతుంది, ‘ఫిల్య’ (కూతురు) ‘ఫియ’ అవుతుంది. మొదటి చూపులో ఇది ఉచ్చారణ సడలిన గ్రామ్య రూపమనిపిస్తుంది. వ్యుత్పత్తిని పరిశీలిస్తే సంగతి మరోలా ఉంది. లాటిన్‌లోని ద్విత్వ లకారం నుంచి వచ్చిన ‘కవాల్య్’ (గుర్రం) వంటి మాటల్లో సంప్రదాయ ద్వీప ఉచ్చారణ ల్యకారాన్నే ఉంచుతుంది. లకార యకార సంయోగం వంటి ఇతర మూలాల నుంచి వచ్చిన మాటల్లోనే యకారం వస్తుంది. ప్రామాణిక ఉచ్చారణలో ఈ రెండు మూలాలూ ఒకే ధ్వనిగా కలిసిపోయాయి. దీవి పలుకుబడి వాటిని విడిగా ఉంచింది. నవీనంగా కనిపించే మార్పు ఒక ప్రాచీన భేదాన్ని మోస్తున్నదన్నమాట. ఈ యకారం తూర్పు కాటలోనియా గ్రామీణ వ్యవహారంలోనూ ఉందన్నది గమనార్హం.

3.5 నవీన మార్పులు: మల్యోర్కాలో కకార గకారాలు అనేక స్థానాల్లో తాలవ్యీకరణం చెందుతాయి. ‘కాజ’ (ఇల్లు) అనేది ‘క్యాజ’కు దగ్గరగా వినిపిస్తుంది. హల్లుల సమీకరణం కూడా బలంగా ఉంది. ‘దిసాబ్తె’ (శనివారం) ‘దిసాత్తె’ అవుతుంది. ఇవి ప్రాచీనతకు నిదర్శనాలు కావు. కాపాడుకోవడం, మార్చుకోవడం ఒకే నోట ఒకే కాలంలో జరిగాయి.

4. క్రియారూపాలు, పదజాలం

ఉత్తమ పురుష ఏకవచన వర్తమాన రూపం ద్వీప మాండలికాలను గుర్తించడానికి మంచి ఆనవాలు. ‘నేను పాడతాను’ అనే అర్థంలో బార్సిలోనా ‘కాంతు’, వలెన్సియా ‘కాంతె’, రుస్సెల్యో ‘కాంతి’ అంటాయి. దీవులు, అల్గేరో ప్రత్యయం లేకుండా ‘కాంత్’ అంటాయి. లాటిన్ పదాంత ఓకారం లోపించిన తరువాత మిగిలిన రూపమిది, మధ్యయుగ కాటలాన్‌లోనూ ఉన్నది. తక్కిన ప్రాంతాలు తరువాతి కాలంలో వేర్వేరు అచ్చులను చేర్చుకున్నాయి. బహువచనంలో బార్సిలోనా ‘కాంతెమ్, కాంతెవ్’ అంటే, దీవులు లాటిన్ అకారాన్ని నిలిపి ‘కాంతామ్, కాంతావ్’ అంటాయి. ప్రామాణిక వ్యాకరణం ఈ ద్వీప రూపాలను రచనలో అంగీకరించింది. ఈ అంగీకారం తరువాతి చర్చకు కీలకం.

పదజాలంలో కుక్కను దీవులు ‘కా’ అంటాయి, బార్సిలోనా ‘గోస్’ అంటుంది. ‘కా’ లాటిన్ ‘కానిస్’ నుంచి నేరుగా దిగిన పాత మాట. పిల్లికి దీవుల్లో ‘మోష్’, బార్సిలోనాలో ‘గాత్’. మనుషుల పేర్లకు ముందు పురుషులకు ‘ఎన్’, స్త్రీలకు ‘న’ చేర్చే అలవాటు దీవుల్లో సజీవం.

మెనోర్కా పదజాలం భాషా సంపర్కానికి ఉదాహరణ. 18వ శతాబ్దంలో, మధ్యలో విరామాలతో, 1802 దాకా ఈ దీవి బ్రిటిష్ పాలనలో ఉంది. గ్రేవీ నుంచి ‘గ్రెవి’, బో విండో నుంచి ‘బోయిందెర్’, చాక్ నుంచి ‘షోక్’, టర్న్‌స్క్రూ నుంచి ‘తోర్నెస్క్రూ’ (స్క్రూడ్రైవర్) వచ్చి చేరాయి. వంటగదికి, వడ్రంగి పనికి, బడికి చెందిన ఈ మాటలు పాలకులతో సామాన్యుల నిత్య సంపర్కాన్ని సూచిస్తాయి.

ఈ చరిత్రకు మరో పార్శ్వం ఉంది. స్పెయిన్ రాజు 1715 శాసనంతో మల్యోర్కా పాలనా వ్యవస్థను రద్దుచేసి, కాస్టిలియన్ భాషకు ద్వారం తెరిచాడు. బ్రిటిష్ వారి కింద ఉన్న మెనోర్కాకు ఆ శాసనం వర్తించలేదు. అక్కడ కాటలాన్ స్థానిక వ్యవహారంలో కొనసాగింది. జువాన్ రామిస్ 1769లో ‘లుక్రెసియా’ అనే విషాదాంత నాటకాన్ని ఆ భాషలోనే రచించాడు. పరాయి పాలన ఒక దీవిలో భాషను కుంగదీస్తే, మరో పరాయి పాలన పొరుగు దీవిలో దానికి పరోక్షంగా ఊపిరి పోసింది. ఇక్కడ నిర్ణాయకమైనది సముద్రం కాదు, రాజ్యాధికారం.

5. ఉపపదం: వివాదానికి కేంద్రం

కాటలాన్‌లో నామవాచకానికి ముందు నిశ్చయార్థాన్ని తెలిపే ఉపపదం వస్తుంది. ఇంగ్లీషు వ్యాకరణం చదివినవారికి ఇది ఆర్టికల్‌గా పరిచితం. కాటలాన్ ప్రాంతాల్లో అత్యధికంగా వినిపించే ‘ఎల్, ల’ అనే రూపాలు ‘ఆ’ అనే అర్థం గల లాటిన్ ‘ఇల్లె’ నుంచి వచ్చాయి. దీవుల్లో పురుషలింగానికి ‘ఎస్’, స్త్రీలింగానికి ‘స’, స్త్రీలింగ బహువచనానికి ‘సెస్’ వాడతారు. ఇవి ‘తానే, స్వయంగా’ అనే అర్థం గల లాటిన్ ‘ఇప్సె’ నుంచి వచ్చాయి. ప్రతి వాక్యంలోనూ కనిపించే మాట కనుక ద్వీపవాసి నోరు తెరవగానే అతని ఊరు తెలిసిపోయేది దీనివల్లనే.

ఇది దీవుల్లో పుట్టిందనే భావన తప్పు. వలసదారుల పుట్టినింటికి చెందిన కదకేస్ పరిసరాల తీరంలో ఈ రూపం నేటికీ ఆనవాళ్లు చూపుతున్నది. దీవి విడిచిన వారు కూడా దీనిని తీసుకువెళ్లారు. 1609లో మొరిస్కోల బహిష్కరణతో ఖాళీ అయిన వలెన్సియా గ్రామాలకు మల్యోర్కా కుటుంబాలు తరలిపోయాయి. కొండల నడుమ ఉన్న తార్బెనా గ్రామం ఇప్పటికీ ‘స’ పలుకుతుంది. మరోవైపు మల్యోర్కా ఉత్తరాన ఉన్న పొల్యెంసా పట్టణం ‘ఇల్లె’ సంతతికి చెందిన ‘ఎవ్, ల’ వాడుతుంది. ఈ ఉపపదం గీసే మాండలిక రేఖ సముద్రాన్ని దాటి వెళ్తుంది, దీవి లోపల కూడా చీలుతుంది.

అంతకంటె ముఖ్యమైన అంశం ఈ వ్యవస్థ లోపల ఉంది. ‘స’ పలికే వ్యక్తి కూడా రాజు, పోపు, ప్రపంచం వంటి ఏకైక వస్తువుల ముందు ‘ఎల్’ వాడతాడు. గంటలు చెప్పేటప్పుడు ‘లెస్’ అంటాడు. ఊళ్లోని చర్చి కట్టడాన్ని చెప్పడానికి ‘సెగ్లేజియ’ అనే మనిషి, చర్చి అనే మతసంస్థను చెప్పడానికి ‘లెగ్లేజియ’ అంటాడు. రెండు ఉపపదాల నడుమ అర్థ విభజన ఉంది. చదువురాని వృద్ధుడు కూడా ఈ సూత్రాన్ని పొరపాటు లేకుండా పాటిస్తాడు. ‘ఎల్, ల’ అనేవి బార్సిలోనా నుంచి బడిపుస్తకాల ద్వారా దిగుమతి అయ్యాయనే వాదన ఇక్కడ కూలిపోతుంది. ‘ఎస్, స’ అనేవి సరైన వ్యాకరణం లేని ఇంటి మాటలనే వాదన కూడా ఇక్కడే కూలిపోతుంది.

6. అల్గేరో: ద్వీపవాదానికి పరీక్ష

సార్డీనియా స్థానిక భాష అయిన సార్డీనియన్‌లో ఉపపదాలు ‘సు, స’. అవి కూడా ‘ఇప్సె’ నుంచి వచ్చినవే. దీవి, పొరుగు రెండూ మాండలికాన్ని శాసించే పక్షంలో అల్గేరో కాటలాన్‌లో ‘ఇప్సె’ రూపం మరింత బలంగా ఉండాలి. వాస్తవం దీనికి విరుద్ధం. అల్గేరో ‘ఇల్లె’ సంతతికి చెందిన ‘లో, ల’ వాడుతుంది. చుట్టూ ‘స’ వినిపిస్తున్నా, వలసదారులు వెంట తెచ్చిన ‘లో’ ఆరు శతాబ్దాలకు పైగా నిలిచింది.

అలాగని అల్గేరో మారకుండా ఉండిపోలేదు. అచ్చుల నడుమ దకార లకారాలు రకారమవుతాయి. ‘విద’ (జీవితం) ‘విర’గా, ‘ఎస్కోల’ (బడి) ‘అస్కోర’గా మారాయి. ‘బ్లాంక్’ (తెలుపు) ‘బ్రాంక్’ అయింది. ఊనిక లేని ఎకారం అకారంలో కలిసింది. ఇటాలియన్, సార్డీనియన్ మాటలు విస్తారంగా చేరాయి. 1888లో ఎదువార్డ్ తోదా ఈ పట్టణంపై పుస్తకం ప్రచురించిన తరువాత కాటలోనియాలో దీనిపై ఆసక్తి పెరిగింది. ఇటలీ 1999లో 482వ నంబరు చట్టం ద్వారా కాటలాన్‌ను చారిత్రక అల్పసంఖ్యాక భాషగా గుర్తించింది. వ్యాకరణపు ఎముకగూడు వలసది, ధ్వనుల్లో పదజాలంలో వచ్చిన మార్పు పరిసరాలదీ కాలానిదీ అని అల్గేరో తెలియజేస్తుంది.

7. ప్రామాణికత - పేరు

బాలియారిక్ దీవుల్లో ప్రామాణిక భాషా చర్చ అంతోని మరియా అల్కోవేర్ (1862-1932) దగ్గర మొదలవుతుంది. మల్యోర్కాకు చెందిన ఈ మతాచార్యుడు కాటలాన్ మాటలన్నింటినీ ఊరూరా సేకరించే నిఘంటువుకు 1901లో పిలుపునిచ్చాడు. బార్సిలోనాలోని కాటలాన్ అధ్యయన సంస్థ భాషాశాస్త్ర విభాగానికి తొలి అధ్యక్షుడయ్యాడు. 1918లో ఆ సంస్థతో తెగతెంపులు చేసుకున్నాడు. అదే ఏడాది పొంపేవ్ ఫాబ్రా రచించిన ప్రామాణిక వ్యాకరణాన్ని ఆ సంస్థ వెలువరించింది. అల్కోవేర్ మరణానంతరం మెనోర్కా వాస్తవ్యుడైన ఫ్రాన్సెస్క్ దె బోర్జా మోల్ (1903-1991), వలెన్సియా పండితుడు సాన్చిస్ గువార్నేర్ తోడ్పాటుతో 1962లో ఆ నిఘంటువును పది సంపుటాలుగా పూర్తిచేశాడు. కాటలాన్-వలెన్సియన్-బాలియారిక్ నిఘంటువు అనే దాని పేరులోనే ఒక నిర్ణయం ఉంది. మూడు పేర్లు ఉన్నాయి, నిఘంటువు మాత్రం ఒక్కటే.

అల్కోవేర్ మల్యోర్కా జానపద కథలను ‘ఎస్, స’ ఉపపదాలతోనే గ్రంథస్థం చేశాడు. అవి దీవుల్లో తరతరాలుగా పాఠకాదరణ పొందాయి. ఆ మాండలికం సాహిత్య రచనకు పనికిరాదనే వాదనకు ఇంతకు మించిన సమాధానం అక్కరలేదు. మోల్ మాత్రం 1968లో వెలువరించిన బాలియారిక్ దీవుల వ్యాకరణంలో మధ్యేమార్గం చూపాడు. ద్వీప క్రియారూపాలు రచనలో నిలవాలి, గంభీర రచనలో ఉపపదం ‘ఎల్, ల’ కావాలి అన్నది ఆ మార్గం. మధ్యయుగం నుంచి దీవుల రచయితలు లిఖిత భాషలో ‘ఇల్లె’ రూపాలనే ప్రధానంగా అనుసరించిన సంప్రదాయం దీనికి ఆధారం.

1983 స్వయంపాలనా శాసనం దీవుల స్వభాష పేరును కాటలాన్‌గా నిర్ధారించింది. 1986లో భాషా సాధారణీకరణ చట్టం వచ్చింది. అయినా వివాదం ఆగలేదు. 2010ల దశకంలో దీవుల ప్రభుత్వ టెలివిజన్ వార్తల్లో ‘ఎస్, స’ ఉపపదాలను ప్రవేశపెట్టడం, ప్రభుత్వం మారాక ఉపసంహరించడం జరిగింది. ప్రజల భాషను ప్రజలకు వినిపించడంలో తప్పేమిటన్న ప్రశ్న సహజమైనది, దానిని తేలిగ్గా కొట్టివేయరాదు. ఇంట్లో ‘స’ విన్న పిల్లవాడు బడిలో ‘ల’ మాత్రమే చూస్తే తన తల్లి భాష తక్కువదనుకునే ప్రమాదం ఉంది. ప్రామాణికవాదులు ఈ ప్రమాదాన్ని తగినంతగా పట్టించుకోలేదు. ఆ ఖాళీలోకే విడి భాషావాదం ప్రవేశించింది.

ఆ వాదం చూపే పరిష్కారం భాషాధారాల ముందు నిలవదు. ‘స’ ఉన్నదే బాలియారిక్ భాష అంటే పొల్యెంసా దాని వెలుపల, తార్బెనా దాని లోపల ఉండాలి. ఊనిక లేని ఒకారం ప్రమాణమైతే మెనోర్కా వెలుపల ఉండాలి. ఏ లక్షణాన్ని ఎంచుకున్నా గీత మరోచోట పడుతుంది. పైగా వార్తాపాఠంలో ప్రతి ‘ఎల్’నూ యాంత్రికంగా ‘ఎస్’గా మార్చితే, రాజుకూ ప్రపంచానికీ ‘ఎల్’ను ప్రత్యేకించిన ద్వీప వ్యాకరణాన్నే ఉల్లంఘించినట్లవుతుంది.

8. తెలుగు మాండలిక పరిశోధనతో పోలిక

అల్కోవేర్, గిడుగు వేంకట రామమూర్తి (1863-1940) సమకాలికులు. కాటలాన్ నిఘంటువు పూర్తయిన 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలతో వెలువడింది. ఈ పోలికను అతిగా సాగదీయకూడదు. తెలుగులో పోరు గ్రాంథిక వ్యావహారికాల నడుమ సాగింది, కాటలాన్ ద్వీపాల్లో అది రెండు సజీవ రూపాల నడుమ సాగుతోంది. అయితే వ్యావహారికం గెలిచాక ఎవరి వ్యావహారికమన్న ప్రశ్న తెలుగులోనూ మిగిలింది. మాండలిక భేదాన్ని జిల్లా సరిహద్దుతో సమానం చేసే అలవాటును పునఃపరిశీలించడానికి పొల్యెంసా, తార్బెనాల ఉదాహరణలు తోడ్పడతాయి.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. కాటలాన్ ద్వీప మాండలికాల ప్రత్యేకతలు సముద్ర సరిహద్దులతో ఏకీభవించవు. వలసదారుల స్వస్థలం, వలస కాలం వాటిని మరింత బాగా వివరిస్తాయి.

2. ప్రాచీన రూపాల సంరక్షణ, నవీన మార్పులు ఒకే మాండలికంలో కలిసి ఉన్నాయి. ల్యకార యకార పరిణామంలో నవీనతే ప్రాచీన భేదాన్ని కాపాడింది.

3. ‘ఎస్, స’ ఉపపదాలకు కచ్చితమైన వ్యాకరణం ఉంది. ఆ వ్యాకరణంలో ‘ఎల్, ల’ కూడా అంతర్భాగమే.

4. అల్గేరో, బాలియారిక్ దీవుల పోలిక ద్వీపత్వం ఒక్కటే కారణమనే సిద్ధాంతాన్ని నిరాకరిస్తుంది.

5. భాషా ఐక్యతను అంగీకరించడానికి మాండలిక భేదాన్ని దాచనక్కరలేదు. క్రియారూపాల విషయంలో ప్రామాణిక వ్యాకరణం ఈ మెలకువ చూపింది. ఉపపదం విషయంలో గంభీర రచనకు ఉన్న సంప్రదాయాన్ని నిలుపుతూనే, కథకు, సంభాషణకు, బడిలో మౌఖిక వ్యవహారానికి ‘ఎస్, స’ అర్హతను స్పష్టంగా బోధించవలసి ఉంది. ఇంటి మాటకు బడిలో చోటు దొరికిన పిల్లవాడికి తన భాష మరొకరిదని ఎవరో చెప్పినా నమ్మవలసిన అగత్యం ఉండదు.